వంత పాడేవారేరీ?

తెలుగులో కొన్ని మంచి మాటలకి చెడ్డరోజులు వచ్చాయి. వాటిల్లో "వంత" ఒకటి. ఇవాళ ఎవరినన్నా పట్టుకుని "తమరు ఫలానావారికి వంత పాడుతున్నారండీ" అని చూడండి, మళ్ళీ మీ గుమ్మం తొక్కరు. వంత పాడటమంటే సొంత బుర్ర లేకపోవటమనీ, పెద్దవాళ్ళ మెప్పుకోసం తల వూపటమనీ మనం అర్థం స్థిరపరిచేశాం. నాకు మాత్రం ఆ అర్థం వింటే వొళ్ళు మండుతుంది. బుర్రకథలో కథకుడు తంబురా భుజాన వేసుకుని ఎంత గొప్పగా చెప్పనివ్వండి, అటూ ఇటూ ఇద్దరు వంతలు లేకపోతే కథ నడుస్తుందా? ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత లోకం సంగతులు చెబుతాడు. బుర్రకథని ఊరూరా తిప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారంతటివారికి కూడా వంతలు వుండవలసిందే. పాటలో సగం పాడేవాడిది, మిగతా సగం అందుకునేవాడిది.

ఈ రెండో సగం మన ఇళ్ళల్లోంచి ఎప్పుడు, ఏ దొడ్డిదారిన వెళ్ళిపోయిందా అని ఈ మధ్య తెగ ఆలోచించాను. ఆలోచింపజేసినవాడు మా అక్కయ్య కొడుకు.

మాది ముక్తేశ్వరం. గౌతమీ గోదావరికి ఈ ఒడ్డున మేము, ఆ ఒడ్డున కోటిపల్లి. మా ఊళ్ళో వెలసిన స్వామి క్షణముక్తేశ్వరుడు. క్షణంలో ముక్తి ప్రసాదిస్తాడని ప్రతీతి. మా అక్కయ్య ఆ గుడికి నాలుగు వీధుల దూరంలోనే కాపురముంటోంది గాని, కొడుకు సంగతిలో ఆవిడకి క్షణమైనా ముక్తి లేదు. వాడు ఇంగ్లండులో, షెఫీల్డు అనే ఊళ్ళో, ఆస్పత్రి ఉద్యోగం చేస్తున్నాడు. కత్తులకీ ఉక్కుకీ వందల ఏళ్ళుగా పేరుపడ్డ ఊరది. ఉద్యోగం మంచిదే, జీతం మంచిదే, చలి ఒక్కటే చెడ్డదని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాం. డిసెంబరులో ఒకనాటి రాత్రి అక్కయ్య ఫోను చేసింది.

"ఏమే, వింటున్నావా? మనవాడు సారా దుకాణంలో చేరాడే!"

"చేరటమేమిటక్కయ్యా? వాడికి ఆస్పత్రిలో ఉద్యోగం కదూ?"

"ఉద్యోగం పగలు. రాత్రిళ్ళు సారా దుకాణంలో పాటలు పాడుతున్నాట్ట. వాడే చెప్పాడు. చెప్పి నవ్వాడు కూడాను! పోనీ త్యాగరాజ కీర్తనా, అన్నమయ్య సంకీర్తనా అంటే, అవీ కావుట. ఇంగ్లీషు పాటలుట. పూర్వం వాళ్ళ పాలేళ్ళూ పడవవాళ్ళూ పాడుకున్న పాటలుట. ఇందుకేనటే వాణ్ణి అంత చదువు చదివించింది?"

మా అక్కయ్య వేసిన ప్రశ్నకి జవాబు చెప్పటం ఎం.ఏ. పరీక్ష రాయటం కంటే కష్టం. పైగా తెలుగు ఎం.ఏ. చదివిన నన్ను ఇంగ్లీషువాళ్ళ సారా దుకాణానికి వకాల్తా పుచ్చుకోమంటే ఎల్లా? అయినా పుచ్చుకున్నాను.

పబ్బు అంటే అక్కయ్య అనుకున్నట్టు ఉత్త సారా దుకాణం కాదు. పేరులోనే వుంది, అది పదిమందికీ ఇల్లు. బీరు తాగేవాళ్ళు తాగుతారు, నిజమే. తాగకుండా నారింజరసం ముందు పెట్టుకు కూచునేవాళ్ళూ వుంటారు. మా వాడు రెండో రకమని నేను నమ్ముతున్నాను. అక్కయ్య నమ్మదు. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటిపడే దేశంలో మనలాగ అరుగుమీద కూచుని కబుర్లాడటానికి వీల్లేదు కదా! మన రామాలయం అరుగూ, రచ్చబండా, టీ కొట్టూ మూడూ కలిపి, పైన కప్పు వేసి, లోపల నెగడు పెడితే ఎల్లా వుంటుందో పల్లెటూళ్ళలో పబ్బు అల్లా వుంటుంది.

మా వాడు మొదట వెళ్ళింది క్రిస్మస్ పాటలకి. షెఫీల్డు చుట్టుపక్కల డంగ్‌వర్త్ మొదలైన పల్లెల్లో ఒక వింత ఆచారముంది. నవంబరు నడిమి నుంచి క్రిస్మస్ దాకా జనం పబ్బుల్లో చేరి దేవుడి పాటలు పాడతారు. "దేవుడి పాటలకి పబ్బేమిటి, చర్చి లేదూ?" అంటారేమో. అక్కడే వుంది కథ. పూర్వం పల్లెటూరి చర్చిల్లో ఊరి పనివాళ్ళే గుంపుగా కూచుని, ఫిడేళ్ళూ పిల్లనగ్రోవులూ వాయిస్తూ ఈ పాటలు పాడేవారు. 19వ శతాబ్దంలో చర్చి పెద్దలకి ఆ పాట మోటుగా తోచింది. ఆర్గను వాద్యాలు వచ్చాయి. 1861లో కొత్త కీర్తనల పుస్తకం అచ్చయింది. పాతపాటలకీ, పాతపాట పాడేవాళ్ళకీ చర్చిలో చోటు లేకపోయింది. వాళ్ళు ఊరుకున్నారా? తమ పాటలు మూటగట్టుకుని పబ్బులో దిగారు. అప్పటినుంచి ఇప్పటిదాకా పాడుతూనే వున్నారు. గొల్లలు రాత్రివేళ మందలు కాస్తూ వుండగా దేవదూత ప్రత్యక్షమైన ఘట్టం మీద వున్న ఒక్క పాటనే డజను పైచిలుకు మట్లలో పాడతారంటే వాళ్ళ పట్టుదల చూడండి.

ఇదంతా చెబితే అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే గుళ్ళోంచి వెళ్ళగొడితే కల్లుపాకలో కూచుని దేవుణ్ణి పాడుకున్నారన్నమాట. పాపం, నిజమైన భక్తులే!" అంది. ఆవిడ కోపం సగం అక్కడ దిగింది.

మిగతా సగం దించటానికి నాకు ఇంకో రెండు కథలు పట్టాయి.

మొదటిది తోటమాలి కథ. 1903లో సెసిల్ షార్ప్ అనే సంగీతం మాస్టారు సోమర్సెట్ ప్రాంతంలో హేంబ్రిడ్జి అనే పల్లెకి, తన స్నేహితుడైన పాస్టరు గారింటికి చుట్టపుచూపుగా వెళ్ళాడు. పెరట్లో తోటమాలి గడ్డి కోస్తూ తనలో తాను ఒక పాట పాడుకుంటున్నాడు. ఆ తోటమాలి పేరు జాన్ ఇంగ్లండు. పేరుకి తగ్గట్టు ఇంగ్లండు దేశమే గొంతు విప్పినట్టయింది షార్ప్‌కి. వెంటనే కాగితం తీసి పాటా, మట్టూ రాసుకున్నాడు. అది మొదలు 1924లో పోయేదాకా ఆయన ఊళ్ళు తిరిగి, సముద్రం దాటి అమెరికా కొండల్లో కూడా తిరిగి, సుమారు 5 వేల పాటలు సేకరించాడు.

రెండోది అన్నదమ్ముల కథ. ఇంగ్లండు దక్షిణాన సముద్రపొడ్డున రాటింగ్‌డీన్ అని ఒక ఊరు. అక్కడ కాపర్ అనే ఇంటిపేరు గల అన్నదమ్ములు ఇద్దరు. ఒకాయన పొలంపనుల అజమాయిషీ చూసేవాడు, రెండో ఆయన పబ్బు నడిపేవాడు. 1898లో లండనులో జానపద గీతాల కోసం ఒక సంఘం పెట్టినప్పుడు కేట్ లీ అనే గాయని వెళ్ళి వీళ్ళ పాటలు రాసుకుంది. పాలేళ్ళమీద పెత్తనం చేసే మనిషీ, బీరు పోసే మనిషీ, ఇద్దరూ ఆ సంఘంలో గౌరవ సభ్యులయ్యారు. 1936లో ఆ ఇంటి తరవాతి తరం వాడు జిమ్ కాపర్ తమ పాటలు పోకుండా చేత్తో ఒక పుస్తకంలో రాసిపెట్టాడు. ఆ ఇంటి సంతతి ఇప్పటికీ పాడుతోంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా అనకండి. నిజానికి ఈ పనిలో తెలుగుకి ముందే ముహూర్తం పడింది. జె.ఎ. బోయిల్ అనే దొర మన తెలుగు వీరగాథలు సేకరించి 1874లో 'ఇండియన్ ఆంటిక్వెరీ' అనే పత్రికలో వ్యాసం రాశాడు. అంటే ఇంగ్లీషువాళ్ళు తమ పాటలకి సంఘం పెట్టుకోవటానికి 24 ఏళ్ళ ముందన్నమాట! పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత దొరలకి కూడా వర్తిస్తుంది కాబోలు.

సరే, మా వాడి సంగతి. క్రిస్మస్ వెళ్ళింది. పబ్బులో పరిచయమైనవాళ్ళే వారానికొక సాయంత్రం చేరి పాత జానపద గీతాలు పాడుకుంటారని తెలిసి వాడు అక్కడికీ వెళ్ళసాగాడు. అక్కడి పద్ధతి వాడు ఫోనులో చెబుతూ వుంటే నాకు ముచ్చట వేసింది. వేదిక లేదు. మైకు లేదు. ఫలానావారు ఇప్పుడు పాడతారని చెప్పేవారు లేరు. బల్లల చుట్టూ పాతికమంది కూచుంటారు. వరస తిరుగుతూ వస్తుంది. వంతు వచ్చినవాళ్ళు ఒక పాట ఎత్తుకుంటారు. చరణం వాళ్ళది, పల్లవి అందరిదీ. తెరచాప ఓడలమీద తాళ్ళు లాగుతూ పాడుకున్న పాటలైతే మరీ సరదా. ఒకడు పిలుస్తాడు, గుంపు పలుకుతుంది. ఓడల తెరచాపలు పోయాయి, తాళ్ళు పోయాయి, పిలిచి పలికే ఆ వరస మాత్రం మిగిలింది. ఎనభై ఏళ్ళ తాతగారొకాయన శ్రుతి ఎప్పుడూ కలవదుట. అయినా వరసలో ఆయన వంతు ఆయనకి వుంటుంది. ఆయన పాడినప్పుడు మిగతావాళ్ళు పల్లవి ఇంకాస్త గట్టిగా అందుకుంటారుట. "అల్లా అందుకుంటే ఆయన శ్రుతి మాలో కలిసిపోతుంది పిన్నీ" అన్నాడు.

"ఇక్కడ మన తెలుగువాళ్ళ పండగలకీ వెళతాను పిన్నీ. అక్కడ పాడేవాళ్ళు వేదికమీద చక్కగా పాడతారు. మేము కింద కూచుని చప్పట్లు కొడతాం. నన్నెవరూ పాడమనరు. ఇక్కడే పాడమన్నారు."

ఆ పాడమనటంతోనే చిక్కు వచ్చిపడింది. జనవరి మొదటి వారంలో వాడి వంతు వచ్చినప్పుడు వాళ్ళు, "ఎప్పుడూ మా పాటలే పాడుతున్నావు. నీ ఊరి పాట ఒకటి పాడు. పల్లవి మేము అందుకుంటాం" అన్నారుట. సినిమా పాట కాదు, సంగీతం మాస్టారి దగ్గర నేర్చుకున్నది కాదు, ఊరి పాట. వాడికి ఒక్కటీ తట్టలేదు. ముక్తేశ్వరంలో పుట్టి పద్దెనిమిదేళ్ళు పెరిగినవాడికి ముక్తేశ్వరం పాట ఒక్కటీ రాదు! "వచ్చే నెల పాడతానని మాటిచ్చాను. ఏదన్నా పంపండి" అని తల్లికి ఫోను చేశాడు.

సంక్రాంతి సెలవులకి నేను ముక్తేశ్వరం వెళ్ళేసరికి ఇంట్లో ఇదే హడావిడి. అక్కయ్యకి పౌరుషం వచ్చింది. "మనకి పాటలు లేకపోవటమేమిటే? అమ్మమ్మ పాడిన 'లక్ష్మణదేవర నవ్వు' పంపుదాం" అంది. మంచి పాటే. పట్టాభిషేకం సభలో లక్ష్మణుడు ఫక్కున నవ్వుతాడు. సభలో ఒక్కొక్కళ్ళూ తమ తమ లోపం తలుచుకుని, నన్ను చూసే నవ్వాడు కాబోలని కుమిలిపోతారు. తీరా చూస్తే ఆయన నవ్వింది వనవాసానికి ముందు తాను వెళ్ళిపొమ్మన్న నిద్రాదేవి పద్నాలుగేళ్ళకి సరిగ్గా సభలో ప్రత్యక్షమైనందుకు! వాల్మీకి రాయని ఈ ముచ్చట మన ఆడవాళ్ళది. అక్కయ్య గొంతు సవరించుకుని ఎత్తుకుంది. నాలుగు చరణాలు నడిచాయి. ఐదో దానికి ఆగిపోయింది. ఎదురింటి మామ్మగారిని పిలిస్తే ఆవిడకి నడుమ ఒక ముక్క వచ్చు. పక్కవీధి అత్తయ్యగారికి చివర మంగళం వచ్చు. మొదలూ, నడుమా, చివరా ముగ్గురి దగ్గర మూడు ముక్కలు! వాటినతకటానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. అయినా రెండుచోట్ల చిరుగు చిరుగుగానే వుండిపోయింది.

తీరా ఫోనులో వినిపిస్తే వాడు, "చాలా బావుందమ్మా, కాని ఇది వినే పాట. నాకు అందుకునే పాట కావాలి. వీళ్ళకి తెలుగు రాదు. ఒక్క మాట నేర్పితే పాతికమందీ పలకాలి" అన్నాడు. అప్పుడు మామ్మగారు బోసినోటితో నవ్వి, "అయితే సువ్వి పాట పంపండర్రా" అన్నారు.

సువ్వి పాటలంటే దంపుళ్ళ పాటలు. ఒక రోటి చుట్టూ ఇద్దరు ముగ్గురు నిలబడి వడ్లు దంచేటప్పుడు ఒకరు చరణం చెబితే మిగతావాళ్ళు "సువ్వి" అంటూ రోకలి వేస్తారు. ఇది ఉత్త వినోదం కాదు సుమండీ. ఒకరి రోకలి లేచేటప్పుడు రెండోవారి రోకలి దిగాలి. ఆ వరస తప్పితే రోకళ్ళు రెండూ ఢీకొంటాయి, చేతులు విరుగుతాయి. పాటే అక్కడ లెక్క, పాటే కాపలా. మరమిల్లులు వచ్చాక దంపుడు పోయింది, దంపుడుతోపాటు పాటా పోయింది. మా రోలు పెరట్లో వానకి నిండి కోళ్ళు నీళ్ళు తాగటానికి ఉపయోగపడుతోంది.

మామ్మగారికి ఆ పాట మట్టు వచ్చు, మాటలు సగం వచ్చు. ఆవిడ విన్నది సావిట్లో కూచుని. దంచినవాళ్ళు వేరు. వెల్చేరు నారాయణరావు గారు 1991లో ఇంగ్లీషులో అచ్చయిన ఒక వ్యాసంలో, మన ఆడవాళ్ళ రామాయణం పాటల్లో పైకులాల ఇళ్ళల్లో పాడేవి వేరు, మిగతావాళ్ళు పాడుకునేవి వేరు అని వివరంగా చూపించారు. పాటలకి కూడా మన ఊళ్ళల్లో సావిడి వేరు, పెరడు వేరు. అందుచేత మా తాతగారి కాలంనుంచి ఆ ఇంటి పొలంలో నాట్లు వేసి, పెరట్లో వడ్లు దంచిన పెద్దమ్మ కోసం కబురు వెళ్ళింది. ఆవిడకి డెబ్బై అయిదు పైమాటే. వచ్చి అలవాటు ప్రకారం పెరటి గుమ్మం దగ్గరే నిలబడింది.

"పాట చెప్పు పెద్దమ్మా" అన్నాను.

"ఉత్తినే నిలబడితే పాటెల్లా వత్తాదండీ అమ్మాయిగారూ? సేతిలో రోకలుంటే మాట అదే వత్తాదండి."

అటకమీంచి రోకలి దింపాం. రోలు కడిగాం. గుప్పెడు వడ్లు పోశాం. ఆవిడ కొంగు బిగించి రోకలి ఎత్తిందో లేదో, యాభై ఏళ్ళుగా ఎక్కడ దాక్కుందో, పాట మొదటినుంచి చివరిదాకా తడుముకోకుండా వచ్చేసింది! మామ్మగారు "అదికాదే, ఆ మాట తరవాత కదూ?" అంటే, "కాదండీ మామ్మగారూ, అక్కడ రోకలి సెయ్యి మారుద్దండి, అందుకని ఈ మాటే" అంది. అర్థం తెలిసిన మాటే గాని, చెయ్యి మారేచోటు మాకెవరికీ తెలియదు. అక్కయ్య రెండో రోకలి పుచ్చుకుంది. నాలుగు దెబ్బలకే ఆయాసం వచ్చింది గాని మానలేదు. ఆ తరవాత ముగ్గురూ సావిట్లోనే కూచుని కాఫీలు తాగారు. పెద్దమ్మ కూడా కుర్చీలోనే కూచుంది. ఎవరూ దాన్ని గురించి ప్రత్యేకంగా మాట్లాడలేదు. పాట లోపలికి వచ్చింది, పాటతో మనిషీ వచ్చింది, అంతే.

ఈ మూడు నాలుగు రోజుల్లో నాకు బోధపడింది ఇదీ. ఊరి పాట ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఏ ఒక్కరికీ పూర్తిగా రాదు. మొదలు ఒకరి దగ్గర, మట్టు ఒకరి దగ్గర, చెయ్యి మారే చోటు ఇంకొకరి దగ్గర వుంటుంది. అందరూ ఒకచోట చేరితేనే పాట పాటవుతుంది. చేరటం మానేస్తే ఎవరి ముక్క వారి దగ్గరే వుండి, వారితోనే పోతుంది.

మన పెద్దలు ఈ ముక్కల్ని ఏరటానికి తక్కువ పాటుపడలేదు. మా గోదావరి సీమవారే నేదునూరి గంగాధరం గారు జీవితమంతా ఊళ్ళు తిరిగి పాటలు ఏరారు. ఆయన సంపుటాల పేర్లు 'సెలయేరు', 'మిన్నేరు', 'మున్నీరు' అన్నీ నీటి పేర్లే. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి 1958లో గ్రంథంగా అందించారు. 'కృష్ణశ్రీ' గారు స్త్రీల రామాయణపు పాటలు కూర్చారు. కాకినాడ ఆడపడుచులు వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళు ఈ పాటల మట్లని రేడియోకీ గ్రామఫోనుకీ ఎక్కించి పండితులచేత కూడా తలలూపించారు. అనసూయ గారు 2019లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో, అమెరికాలో కన్నుమూశారు. వీరందరి పుణ్యమా అని మాటలు పుస్తకంలో వున్నాయి, మట్లు రికార్డులో వున్నాయి. లేనిదల్లా కూటమి. దాన్ని పుస్తకంలో పెట్టడం ఎవరి తరమూ కాదు.

మా కాలేజీలో ప్రతి ఏడూ జానపద సాహిత్యం పాఠం చెబుతాను. శ్రామిక గేయాలు, స్త్రీల పాటలు, పిల్లల పాటలు అని విభాగాలు పిల్లలు పొల్లుపోకుండా రాస్తారు. పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకుంటారు. "ఒకటి పాడండర్రా" అంటే తలలు వంచుకుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు కళ్ళు తెరిచేసరికే పాట అంటే పోటీ. ఆరేళ్ళ పిల్ల టీవీలో పాడుతుంటే ముగ్గురు పెద్దలు కూచుని శ్రుతికింత, తాళానికింత అని లెక్కలు కడుతున్నారు. అది చూసిన ఇంటిల్లిపాదీ "నాకు గొంతు లేదు" అని నిశ్చయించుకుంటోంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడిమీద మైకు మోగుతుంది గాని అది రికార్డు. రికార్డు ఎంత బాగా పాడితే మనం అంత నిశ్చింతగా నోరు మూసుకుంటాం. గొంతు బావున్నవాళ్ళే పాడాలని నియమం పెడితే, వంట బాగా చేసేవాళ్ళే అన్నం తినాలని పెట్టినట్టు కాదూ?

"ఆ పాతపాటల్లో ఏముంది? అత్త ఆరళ్ళూ, ఎనిమిదేళ్ళ పెళ్ళికూతుళ్ళూ, సవతి పోట్లూను" అని మా కాలేజీలో ఒక సహోపాధ్యాయిని అన్నారు. వున్నాయి, కాదనను. ఇంగ్లీషు పాటల్లోనూ ఉరికంబాలూ, మోసపోయిన పిల్లలూ, బలవంతాన యుద్ధానికి పట్టుకుపోయిన కుర్రాళ్ళూ వుంటారు. వాళ్ళు అవి పాడుతున్నది ఉరికంబాలు మళ్ళీ రావాలని కాదు. ఎనిమిదేళ్ళ పిల్ల అత్తారింట్లో పడ్డ బాధ ఏ చరిత్రకారుడూ రాయలేదు. పాటే రాసిపెట్టుకుంది. ఆ పాటని కూడా పోనిస్తే ఆ పిల్ల ఏడుపు ఎవరూ విననట్టే.

మా వాడి సంగతి చెప్పి ముగిస్తాను. అక్కయ్య వాడికి రికార్డు పంపలేదు. "వింటే రాదు, నాతో అంటే వస్తుంది" అని పట్టుబట్టి వారంరోజులు రోజూ ఫోనులో ఒక్కొక్క చరణమే చెప్పింది. వాడు ఫిబ్రవరిలో పాడాడు. వాళ్ళకి "సువ్వి" అన్న ఒక్క మాటా నేర్పి, ఎక్కడ పలకాలో చేత్తో చూపించాడుట. రోకళ్ళు లేవు కనక పాతికమందీ బల్లలమీద అరచేతులతో వేశారుట. దుకాణం ఆసామీ గ్లాసులు పగులుతాయని గబగబా ఎత్తుకుపోయాడుట. పూర్వం ఉక్కు కార్ఖానాలో పనిచేసిన ముసలాయనొకడు పాట అయ్యాక, "ఇద్దరు కలిసి సమ్మెట వేసేటప్పుడు మాదీ ఇదే వరస" అన్నాడుట. ఆ మాట పెద్దమ్మకి చెబితే, "ఆయ్, పనోళ్ళకి తెలవదేటండీ!" అని ఊరుకుంది.

ఇక మీ ఇంటి సంగతి. సంఘాలూ, అధ్యక్షులూ, శాలువాలూ అక్కర్లేదు. నెలకొక శనివారం సాయంత్రం చాలు. టీవీ కట్టేసి నలుగురు ఇరుగుపొరుగువారిని పిలవండి. ఇంట్లో పెద్దవారు ఎవరుంటే వారిచేత ఒక్క పల్లవి ఎత్తించండి. జోలపాటైనా సరే, గొబ్బిపాటైనా సరే, పడవపాటైనా సరే. మరిచిపోయిన చోట ఆగండి, పక్కవారిని అడగండి. పనిమనిషి పని ముగించుకుని వెళ్ళిపోతూ వుంటే ఆవిణ్ణీ కూచోబెట్టండి, మీ పాటలో లేని ముక్క ఆవిడ దగ్గరే వుండొచ్చు. ఫోనులో పట్టటం తరవాత చూసుకోవచ్చు, ముందు నోటితో పట్టండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి, రెండో శనివారానికి వాళ్ళే అందుకుంటారు. ఇంతకీ ఒక్క నియమం మాత్రం తప్పకుండా పాటించండి. "నాకు గొంతు లేదండీ" అనేవారిని ముందు వరసలో కూచోబెట్టాలి. వారు ఎక్కడ శ్రుతి తప్పితే అక్కడ మిగతా అందరూ ఇంకాస్త గట్టిగా అందుకోవాలి.